లాన్ కార్డు నిద్రపోతే: నెట్ పదే పదే పోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో నాది చిన్న కంప్యూటర్ రిపేరు కొట్టు. "నెట్ రావట్లేదు" అని సిస్టమ్ పట్టుకొచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే రూటర్ మార్చేసి ఉంటారు, లేదా కేబుల్ అబ్బాయితో గొడవ పడి ఉంటారు. కొన్నిసార్లు తీరా చూస్తే సిస్టమ్‌ను నెట్‌కి కలిపే కార్డు బాగుంటుంది, వైరు బాగుంటుంది. కరెంటు ఆదా చేద్దామని విండోసో లినక్సో ఆ కార్డును పడుకోబెడుతుంది. లేపాల్సిన టైముకి అది లేవదు. అదీ జబ్బు. రోజూ కౌంటర్ దగ్గర చెప్పే జవాబులే ఇక్కడ రాస్తున్నాను. మెనూల పేర్లు తెలుగు లిపిలో రాశాను. స్క్రీన్ మీద అవి ఇంగ్లిష్‌లోనే కనిపిస్తాయి, కమాండ్లు టైపు చేసేటప్పుడూ ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి.

నెట్ పోవడానికి పవర్ సెట్టింగే కారణమని ఎలా తెలుస్తుంది?

"ఎప్పుడు పోతోంది?" అన్నది నేను అడిగే మొదటి ప్రశ్న. "ఎలా పోతోంది" కన్నా "ఎప్పుడు" అన్నదానికే విలువ ఎక్కువ.

పూర్ణా మార్కెట్‌లో ఒక హోల్‌సేల్ కొట్టు ఉంది. బిల్లింగ్ సిస్టమ్‌లో రోజూ మధ్యాహ్నం రెండున్నరకి నెట్ ఉండదు. "ఏటయిందో తెల్దు బాబూ, పొద్దున్న బాగానే ఉంటది, భోజనం చేసొచ్చేసరికి పోతది" అన్నాడు పెద్దాయన. కేబుల్ రెండుసార్లు మార్చారు. మధ్యాహ్నం లైనులో లోడ్ ఎక్కువని ఎవరో చెప్పారు కూడా. జరిగేదేమిటంటే, ఆయన భోజనానికి వెళ్లగానే సిస్టమ్ స్లీప్‌లోకి వెళ్తుంది. వచ్చి మౌస్ కదిపితే స్క్రీన్ వెలుగుతుంది, సాఫ్ట్‌వేర్ తెరిచే ఉంటుంది, లాన్ కార్డు మాత్రం లేవదు. పెద్దాయన నోటి నుంచి వచ్చిన "భోజనం చేసొచ్చేసరికి" అన్న ముక్కలోనే సగం రోగం తెలిసిపోయింది.

ఈ కిందివి మీ ఇంట్లో జరుగుతుంటే పవర్ సెట్టింగుల మీద అనుమానం పెట్టుకోవచ్చు. స్లీప్ నుంచి లేచాకే నెట్ పోవడం. ల్యాప్‌టాప్ చార్జర్ పీకాక వైఫై నీరసపడి, చార్జర్ పెట్టగానే కోలుకోవడం. డౌన్‌లోడ్ నడుస్తున్నంతసేపూ బాగానే ఉండి, కాసేపు ఏమీ చేయకుండా వదిలేస్తే తెగిపోవడం. అదే రూటర్ మీద ఫోన్లు బాగా నడుస్తుండగా ఒక్క సిస్టమ్‌లో మాత్రమే పోవడం.

ఇంట్లో అన్నింటిలో ఒకేసారి పోతుంటే మాత్రం ఇది చదవడం ఆపి రూటర్ దగ్గరికి వెళ్లండి.

అసలు బాగా పనిచేసే కార్డును కంప్యూటర్ ఎందుకు ఆపుతుంది?

కరెంటు కోసం, బ్యాటరీ కోసం. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే ప్రమాణం తెచ్చాయి. అప్పటివరకు కరెంటు పొదుపు చాలావరకు బయోస్ చేతిలో, అంటే మదర్‌బోర్డులోనే ఉండే తొలి ప్రోగ్రాము చేతిలో ఉండేది. ఆ పెత్తనం ఆపరేటింగ్ సిస్టమ్‌కి వచ్చింది. ఈ లెక్కలో ప్రతి పరికరానికీ మెట్లుంటాయి. డీ0 అంటే పూర్తి మెలకువ. డీ3 అంటే గాఢనిద్ర. అందులోనూ డీ3 హాట్ అని ఒకటుంది, కార్డుకి కరెంటు అందుతూనే ఉంటుంది. డీ3 కోల్డ్‌లో ప్రధాన కరెంటు కూడా తీసేస్తారు.

2010లో వైరు నెట్‌వర్క్‌కి ఈఈఈ వచ్చింది, పూర్తిపేరు ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్‌నెట్. ఆపైన యూరప్‌లో చట్టాలు బిగిశాయి. ఆఫ్ చేసి ఉన్న పరికరం 2013 నుంచి అర వాటు దాటి తాగకూడదన్నారు. కంపెనీలు దేశానికో బోర్డు తయారు చేయవు కదా, అవే డిఫాల్ట్‌లు మన గాజువాక దాకా వచ్చాయి. ఉద్దేశం మంచిదే. నాకు పేచీ ఎక్కడంటే, ల్యాప్‌టాప్‌కి పనికొచ్చే పొదుపును రోజంతా ప్లగ్‌లోనే ఉండే డెస్క్‌టాప్‌కీ అంటగట్టడం దగ్గర.

ఆపితే ఆపారు, మళ్లీ ఎందుకు లేవదు?

నిద్ర పుచ్చడం తేలిక, లేపడమే కష్టం. సిస్టమ్ లేచేటప్పుడు బయోస్ స్లాట్‌కి కరెంటు ఇవ్వాలి, మదర్‌బోర్డుకీ కార్డుకీ మధ్య ఉన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింకు మళ్లీ కుదరాలి, కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, కార్డులోని సెట్టింగులన్నీ తిరిగి నింపాలి, కార్డు రూటర్‌తో మళ్లీ స్పీడు మాట్లాడుకోవాలి. ఇన్ని చేతులు మారే పని. బయోస్ రాసినవాళ్లు ఒకరు, డ్రైవర్ రాసినవాళ్లు ఇంకొకరు, విండోస్ మరొకరిది. ఒకరు అర సెకను ఆలస్యం చేసినా, పక్కవాడు "కార్డు పలకట్లేదు" అని తేల్చేస్తాడు.

అప్పుడు డివైస్ మేనేజర్‌లో కార్డు పక్కన పసుపు గుర్తు పడుతుంది. లోపల కోడ్ 10 అనో కోడ్ 43 అనో ఉంటుంది. 10 అంటే పరికరం స్టార్ట్ కాలేదని. 43 అంటే అది ఏదో సమస్య చెప్పిందని విండోస్ దాన్ని ఆపేసిందని. కొన్నిసార్లు ఏ గుర్తూ ఉండదు, వైరు పెట్టే ఉన్నా "కేబుల్ అన్‌ప్లగ్డ్" అని మాత్రం చూపిస్తుంది. పాపం కేబుల్ అబ్బాయి తిట్లు తినేది ఈ మాట వల్లే.

విండోస్‌లో మొదట ఏం మార్చాలి?

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద మీ కార్డు మీద రెండుసార్లు నొక్కండి. కార్డు అంటే విడిగా స్లాట్‌లో పెట్టినదే కానక్కర్లేదు, మదర్‌బోర్డు మీదే ఉన్న చిప్ అయినా ఇక్కడే కనిపిస్తుంది. పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో "అలౌ ద కంప్యూటర్ టు టర్న్ ఆఫ్ దిస్ డివైస్ టు సేవ్ పవర్" అని ఉంటుంది. ఆ టిక్ తీసేసి ఓకే కొట్టండి. లాన్‌కి, వైఫైకి రెండింటికీ విడివిడిగా తీయాలి.

పూర్ణా మార్కెట్ పెద్దాయనకి నేను చేసిన వైద్యం ఇంతే. డబ్బులు అడగడానికి నాకే మొహం చెల్లలేదు, టీ తాగి వచ్చేశాను.

దీంతో కుదరకపోతే రెండో మెట్టు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో మీ ప్లాన్ పక్కన ఛేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, ఆపైన అడ్వాన్స్‌డ్. అక్కడ పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్ ఉంటుంది. మ్యాగ్జిమమ్ సేవింగ్స్ అని ఉంటే ఆఫ్ చేయండి. దీన్నే ఏఎస్‌పీఎం అంటారు. సిస్టమ్ స్లీప్‌లోకి వెళ్లకపోయినా, కార్డు ఖాళీగా ఉన్నప్పుడల్లా లింకును కునుకు తీయించే పద్ధతి ఇది. పని మధ్యలో ఉన్నట్టుండి కార్డు మాయమయ్యే కేసుల్లో నేను ముందు చూసేది దీన్నే.

ఒక్కసారి ఒక్కటే మార్చండి. మార్చాక ఒకటి రెండు రోజులు వాడి చూడండి. అన్నీ ఒకేసారి ఆపేస్తే నెట్ బాగుపడొచ్చు గానీ దేనివల్ల బాగుపడిందో తెలియదు, రేపు మళ్లీ వస్తే మొదటినుంచి వెతుక్కోవాలి.

నా ల్యాప్‌టాప్‌లో ఆ పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబే లేదు.

కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఉండదు. వాటిలో పాత తరహా స్లీప్ బదులు మోడర్న్ స్టాండ్‌బై ఉంటుంది. ఫోన్‌లాగా స్క్రీన్ ఆరిపోతుంది గానీ లోపల సిస్టమ్ పూర్తిగా పడుకోదు, కార్డులను ఎప్పుడు ఆపాలో విండోసే చూసుకుంటుంది. మీది ఏదో తెలియాలంటే కమాండ్లు కొట్టే కిటికీ, అంటే కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్, ఏ అని కొట్టండి. అందుబాటులో ఉన్నవాటి జాబితాలో "ఎస్0 లో-పవర్ ఐడిల్" అని వస్తే మోడర్న్ స్టాండ్‌బై ఉన్నట్టు. అదే జాబితాలో ఎస్3 అని వస్తే పాత పద్ధతి.

ఇలాంటి వాటికి నేను చెప్పేది: ముందు తయారీదారు సైట్ నుంచి బయోస్, వైఫై డ్రైవర్ కొత్తవి వేయండి. ఆ ట్యాబ్ చేసే పనినే రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, పీఎన్‌పీ కేపబిలిటీస్ అనే విలువను 24గా పెట్టి చేసే దారి ఒకటుంది. కాకపోతే రిజిస్ట్రీలో ఒక అంకె తప్పుగా పడితే బాగున్నది కూడా చెడుతుంది. అలవాటు లేకపోతే తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి.

స్లీప్ ఏమీ లేదు. పనిచేస్తుండగానే లాన్ మూడు నాలుగు సెకన్లు పోయి దానంతటదే వస్తోంది. ఇదేంటి?

వీడియో మీటింగ్‌లో బొమ్మ గడ్డకట్టి మళ్లీ కదలడం, గేమ్ ఆడుతుంటే బయటకి తోసేయడం. మధురవాడ నుంచి ఇంట్లో కూర్చుని ఉద్యోగాలు చేసే కుర్రాళ్లు తెచ్చే కంప్లయింట్ ఇది. ఇక్కడ నా మొదటి అనుమానం ఈఈఈ మీద.

వైరు మీద డేటా ఏమీ వెళ్లనప్పుడు రెండు వైపులా కునుకు తీస్తాయి. డేటా రాగానే గిగాబిట్ లింకు మైక్రోసెకన్లలో లేవాలి. ప్రమాణం చెప్పే లెక్క 20 మైక్రోసెకన్లు కూడా దాటదు. కళ్లు మూసి తెరిచేలోపు కొన్ని వేలసార్లు లేవొచ్చు అన్నమాట. రెండు వైపులా ఒకే పాట పాడితే మనకేమీ తెలియదు. మీ కార్డు ఒకలా, రూటర్ లేదా స్విచ్ ఇంకోలా అర్థం చేసుకుంటే లింకు తెగుతుంది. తెగిన లింకు మళ్లీ మొదటినుంచి స్పీడు మాట్లాడుకుని నిలబడటానికి పట్టేవే మీరు చూసే ఆ కొన్ని సెకన్లు.

డివైస్ మేనేజర్‌లో కార్డు అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కి వెళ్లండి. ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్‌నెట్ అనో, గ్రీన్ ఈథర్‌నెట్ అనో, అడ్వాన్స్‌డ్ ఈఈఈ అనో ఉంటుంది. కంపెనీని బట్టి పేరు మారుతుంది, కొన్నింటిలో ఒకటికన్నా ఎక్కువ ఉంటాయి. డిజేబుల్ చేయండి. ఓకే కొట్టగానే లింకు ఒకసారి పోయి వస్తుంది, కంగారు పడకండి.

ఒక చిన్న తనిఖీ: అదే వైరును వేరే ల్యాప్‌టాప్‌కి పెట్టి గంట చూడండి. దానికీ పోతుంటే వైరు గానీ రూటర్ పోర్టు గానీ చూసుకోవాలి.

గిగాబిట్ కార్డు, గిగాబిట్ రూటర్. అయినా స్పీడు 100 అని చూపిస్తోంది. ఇదీ పవర్ సెట్టింగేనా?

కావచ్చు, కాకపోవచ్చు. స్లీప్‌లోకి వెళ్లేటప్పుడు కార్డు తన స్పీడును 10కో 100కో దించుకుంటుంది, తక్కువ స్పీడుకి తక్కువ కరెంటు చాలు కాబట్టి. లేచాక పైకి ఎక్కడం మర్చిపోతే అక్కడే ఉండిపోతుంది. వైరు పీకి మళ్లీ పెడితే 1000కి వచ్చేస్తే ఇదే కారణం. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో షట్‌డౌన్ లింక్ స్పీడ్ గురించి ఉన్న ఆప్షన్‌ను "నాట్ స్పీడ్ డౌన్" అని మార్చి చూడండి.

పీకి పెట్టినా 100 దగ్గరే ఉంటే వైరు తల చూడండి. గిగాబిట్‌కి లోపలి నాలుగు జతల తీగలూ కావాలి, 100కి రెండు జతలు చాలు. ఒక్క తీగ పట్టు వదిలినా స్పీడు పడిపోతుంది. బీచ్ రోడ్డు వైపు ఫ్లాట్లలో, ఫిషింగ్ హార్బర్ దగ్గరి ఆఫీసుల్లో ఇది ఎక్కువ చూస్తాను. ఉప్పుగాలికి ప్లగ్గులోని పిన్నులు నల్లబడతాయి, ఒక్కోసారి పచ్చగా చిలుము పడతాయి. కొత్త తల క్రింప్ చేయించుకుంటే తీరిపోయే పని.

వైఫై సంగతి వేరా?

వేరే. వైరుకి ఆ చివర ఎవరున్నారో ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది. వైఫైకి గాల్లో వినాలి, ఆ వినడానికే కరెంటు ఖర్చు. అందుకని రూటర్ దాదాపు సెకనుకి పదిసార్లు బీకన్ అనే చిన్న పిలుపు వేస్తుంది. పొదుపులో ఉన్న కార్డు మధ్యలో చెవులు మూసుకుని, ఆ పిలుపు టైముకి మాత్రం లేచి "నాకేమైనా ఉందా" అని చూసుకుంటుంది. పోస్ట్‌మ్యాన్ వచ్చే వేళకే వీధి తలుపు తీసినట్టు. ఉన్న డేటాను అప్పటిదాకా రూటర్ దాచిపెడుతుంది. కార్డు పిలుపు సరిగా వినకపోయినా, రూటర్ దాచడంలో తేడా చేసినా నత్తనడకో తెగిపోవడమో తప్పదు.

పరీక్ష ఇలా చేయండి. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొడితే డీఫాల్ట్ గేట్‌వే అని మీ రూటర్ నంబరు వస్తుంది. ఆ నంబరుకి పింగ్ పెట్టి, చివర డ్యాష్ టీ కలపండి, రూటర్ ఎంతసేపట్లో పలుకుతోందో ఆగకుండా చూపిస్తుంది. రూటర్ పక్కనే కూర్చుని కూడా 2, 3 మిల్లీసెకన్లు వస్తూ మధ్య మధ్యలో 100, 200 అని దూకుతుంటే, అదే సమయంలో ఏదైనా వీడియో పెడితే దూకడం తగ్గిపోతే, పొదుపు పనే. వీడియో పెట్టినప్పుడు కార్డు మెలకువగా ఉంటుంది కాబట్టి.

పవర్ ఆప్షన్స్ అడ్వాన్స్‌డ్‌లో వైర్‌లెస్ అడాప్టర్ సెట్టింగ్స్, పవర్ సేవింగ్ మోడ్ ఉంటే మ్యాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్ పెట్టండి. బ్యాటరీకి, ప్లగ్‌కి విడిగా అడుగుతుంది. ప్లగ్‌కి మాత్రమే పెట్టినా చాలామందికి సరిపోతుంది.

వైఫై చరిత్ర చూడాలంటే అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌ఎస్‌హెచ్ డబ్ల్యూలాన్ షో డబ్ల్యూలాన్‌రిపోర్ట్ అని కొట్టండి. మూడు రోజుల్లో ఎప్పుడెప్పుడు తెగిందో, ఎందుకని విండోస్ అనుకుంటోందో బొమ్మ గీసి చూపిస్తుంది. మైక్రోసాఫ్ట్ వాళ్లు ఇంత మంచి పనిముట్టును ఎవరికీ కనపడని మూల ఎందుకు దాచారో నాకిప్పటికీ అర్థం కాదు.

యూఎస్‌బీ డాంగిల్, యూఎస్‌బీ లాన్ కన్వర్టర్?

వీటికి అదనంగా ఒక తలనొప్పి. కార్డు పొదుపుతోపాటు యూఎస్‌బీ పోర్టు పొదుపు కూడా ఉంటుంది. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ డిజేబుల్ చేయండి. డివైస్ మేనేజర్ చివర్లో యూఎస్‌బీ రూట్ హబ్‌ల మీద నొక్కి అక్కడి టిక్ కూడా తీయండి. కరెంటు లేని చౌక హబ్‌లో గుచ్చకుండా నేరుగా సిస్టమ్‌కే పెట్టండి. మే నెల ఉక్కలో ఈ కన్వర్టర్లు చేత్తో పట్టుకోలేనంత వేడెక్కుతాయి, అప్పుడు వచ్చే డిస్‌కనెక్ట్‌కి ఏ సెట్టింగూ మందు కాదు.

రీస్టార్ట్ చేస్తే నెట్ వస్తోంది. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేస్తే రావట్లేదు. నాకు పిచ్చెక్కుతోంది.

మీకు పిచ్చి లేదు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి పెట్టారు. షట్‌డౌన్ అన్నప్పుడు మీ ప్రోగ్రాములను మూసేస్తుంది గానీ, విండోస్ గుండెకాయను, డ్రైవర్లతో సహా, డిస్క్ మీద దాచుకుంటుంది. మళ్లీ ఆన్ చేస్తే దాన్నే లేపుతుంది. అంటే డ్రైవర్‌కి నిన్నటి జ్వరం ఇవాళా ఉంటుంది. రీస్టార్ట్ అయితే అన్నీ కొత్తగా మొదలవుతాయి. పేరు చూస్తే షట్‌డౌనే పెద్ద పనిలా ఉంటుంది, నిజానికి రీస్టార్టే శుభ్రమైనది.

కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో "ఛూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ" లోపల టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. ముందు పైన ఉన్న "ఛేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్" నొక్కితే గానీ అది కదలదు. ఈ ఒక్కసారికి చాలనుకుంటే షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టండి.

రీస్టార్ట్ చేసినా రాలేదు. డివైస్ మేనేజర్‌లో కార్డే లేదు. కాలిపోయినట్టేనా?

కొత్త కార్డు కొనే ముందు ఒక్క పని. సిస్టమ్ ఆఫ్ చేసి, వెనకాల కరెంటు తీగ పూర్తిగా పీకేయండి. యూపీఎస్ ఆఫ్ చేస్తే చాలదు, తీగ పీకాలి. లాన్ వైరూ తీయండి. పవర్ బటన్‌ను ముప్పై సెకన్లు నొక్కి పట్టుకుని వదలండి. ఇంకో రెండు నిమిషాలు ఆగి తీగ పెట్టి ఆన్ చేయండి.

ఎందుకంటే డెస్క్‌టాప్ ఆఫ్ చేసినా ఎస్ఎంపీఎస్ (లోపల కరెంటు అందించే డబ్బా) నుంచి స్టాండ్‌బై కరెంటు కొంచెం వస్తూనే ఉంటుంది. దూరం నుంచి సిస్టమ్ లేపడానికి లాన్ చిప్‌ను అది బతికించి ఉంచుతుంది. సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నా లాన్ పోర్టు దగ్గర లైటు మిణుకుమిణుకుమనడం మీరు చూసే ఉంటారు. చిప్ లోపల బిగుసుకుపోతే ఎన్ని రీస్టార్ట్‌లు కొట్టినా ఆ కరెంటు మీద అలాగే బిగుసుకుని ఉంటుంది. తీగ పీకినప్పుడే దానికి నిజంగా కరెంటు పోతుంది. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ బయటకి వచ్చేదైతే తీయండి, రానిదైతే చార్జర్ పీకి బటన్‌ను ఇంకాసేపు పట్టుకోండి.

చచ్చిందనుకుని నా దగ్గరికి తెచ్చిన కార్డుల్లో కొన్ని ఇంటి నుంచి కొట్టుకి వచ్చే దారిలోనే బాగుపడ్డాయి. ఆటోలో పెట్టడానికి తీగ పీకారు కదా మరి. "సార్, ఇంట్లో నిజంగానే రాలేదు" అని వాళ్లు సిగ్గుపడుతుంటే, రాలేదనే నేను నమ్ముతాను.

మాది ఉబుంటు లినక్స్. మాకూ ఉంటుందా ఈ గోల?

ఉంటుంది. డీమెసేజ్ అనే కమాండ్ కొట్టి సిస్టమ్ రాసుకున్న చిట్టా చదివితే కార్డు ఏమంటోందో విండోస్ కన్నా సూటిగా తెలుస్తుంది. "నెట్‌డెవ్ వాచ్‌డాగ్... ట్రాన్స్‌మిట్ క్యూ టైమ్డ్ అవుట్" అన్నా, పవర్ స్టేట్‌ను డీ3 కోల్డ్ నుంచి డీ0కి మార్చలేకపోయామన్నా నిద్ర జబ్బు మీద అనుమానపడాలి.

వైఫైకి నెట్‌వర్క్ మేనేజర్ కాన్ఫ్ డాట్ డీ ఫోల్డర్‌లో డీఫాల్ట్ వైఫై పవర్‌సేవ్ ఆన్ అనే ఫైల్ ఉంటుంది. అందులో వైఫై డాట్ పవర్‌సేవ్ 3 అని ఉంటే 2 చేసి, నెట్‌వర్క్ మేనేజర్‌ను రీస్టార్ట్ చేయండి. 3 అంటే పొదుపు ఉంది, 2 అంటే లేదు. లాన్‌కి ఈత్‌టూల్‌ అనే కమాండ్‌తో ఈఈఈ ఆపొచ్చు. లినక్స్‌ను బూట్ చేసే గ్రబ్‌లో పీసీఐఈ ఏఎస్‌పీఎం ఈక్వల్స్ ఆఫ్ అన్నది అన్ని కార్డులకీ కలిపి వేసే మందు, చివరికి ఉంచుకోండి. బ్యాటరీ పొదుపు చేసే టీఎల్‌పీ ప్రోగ్రాము వేసుకుని ఉంటే ముందు దాన్ని చూడండి. మీరు మార్చినవాటిలో కొన్నింటిని అది వెనక నుంచి మళ్లీ మార్చేయొచ్చు.

నేను రాత్రిపూట ఇంటి నుంచి ఆఫీసు సిస్టమ్‌ను లేపుతాను. టిక్ తీస్తే అది పోతుందా?

పోతుంది. మొదటి టిక్ తీయగానే కింద ఉన్న "అలౌ దిస్ డివైస్ టు వేక్ ద కంప్యూటర్" బూడిదరంగులోకి వెళ్లిపోతుంది, ఇక నొక్కడానికి రాదు. ఇలా దూరం నుంచి లేపడం, అంటే వేక్ ఆన్ లాన్, కావాలంటే ఆ టిక్ ఉంచి, ఈఈఈ, లింక్ స్టేట్, డ్రైవర్ వైపు నుంచి ప్రయత్నించండి. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న షట్‌డౌన్ నుంచి విండోస్ లేపనివ్వదు, అది ఆపాలి. బయోస్‌లో ఈఆర్‌పీ అనే కరెంటు పొదుపు ఆప్షన్ ఉంటే ఆన్‌లో ఉండకూడదు, స్టాండ్‌బై కరెంటును కోసేస్తుంది.

నన్నడిగితే, అలాంటి సిస్టమ్‌ను స్లీప్‌లోకి పంపకుండా ఉంచడమే మేలు. స్క్రీన్ ఒక్కటి ఆరిపోయేలా పెట్టుకోండి.

కారణం రుజువుతో కావాలి. ఎక్కడ చూడాలి?

ఈవెంట్ వ్యూయర్, విండోస్ లాగ్స్, సిస్టమ్. నెట్ పోయిన నిమిషం దగ్గరికి వెళ్లండి. కెర్నల్ పవర్ నుంచి 42 అనే ఈవెంట్ నంబరు ఉంటే అప్పుడు స్లీప్‌లోకి వెళ్లింది. పవర్ ట్రబుల్‌షూటర్ నుంచి 1 ఉంటే లేచింది. ఆ 1 వెనకే విండోస్ నెట్‌వర్క్ భాగమైన ఎన్‌డీఐఎస్ నుంచి 10400, అంటే కార్డు రీసెట్ మొదలైందని, లేదా ఇంటెల్ లాన్ డ్రైవర్ల 27, అంటే లింకు తెగిందని కనిపిస్తే దొంగ దొరికినట్టే. 41 కనిపిస్తే అది వేరే కథ, సిస్టమే సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగింది. కరెంటు పోయిందేమో, యూపీఎస్ బ్యాటరీ ముసలిదైందేమో చూసుకోండి.

అంతా మార్చాను, బాగుంది. నెల తర్వాత మళ్లీ మొదలైంది.

డ్రైవర్ అప్‌డేట్ అయి ఉంటుంది. కొత్త డ్రైవర్ వచ్చినప్పుడు పాత టిక్‌లు తిరిగి వచ్చేయడం మామూలే. నెట్‌వర్క్ రీసెట్ కొట్టినా అంతే, కార్డులను తీసి మళ్లీ వేస్తుంది, మీ సెట్టింగులూ వైఫై పాస్‌వర్డ్‌లూ పోతాయి. అందుకే ఎవరైనా ఫోన్లో "నెట్‌వర్క్ రీసెట్ కొట్టండి" అని తేలిగ్గా చెబితే నాకు ఒళ్లు మండుతుంది.

కొత్త డ్రైవరే చెడ్డదనిపిస్తే డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ ఉంటుంది. ల్యాబులో ముప్పై సిస్టమ్స్ చూసుకునేవాళ్లు ఒక్కొక్కటీ తెరవక్కర్లేదు, పవర్‌షెల్‌లో డిజేబుల్ నెట్‌అడాప్టర్ పవర్‌మేనేజ్‌మెంట్ అనే కమాండ్ ఉంది.

ఇవన్నీ ఆపేస్తే కరెంటు బిల్లు పెరుగుతుందా?

ఒక లాన్ కార్డు పొదుపు వల్ల మిగిలేది ఒక వాటు అనుకుందాం, ఎక్కువే వేశాను. రోజంతా నెలంతా ఆన్‌లో ఉంచినా 0.72 యూనిట్. డెస్క్‌టాప్‌కి దీని గురించి ఆలోచించకండి. ల్యాప్‌టాప్‌లో వైఫై పొదుపు ఆపితే బ్యాటరీ కొంత తొందరగా తగ్గుతుంది, అందుకే బ్యాటరీ మీద ఉన్నప్పుడు అలాగే ఉంచి, ప్లగ్ మీద మాత్రమే ఆపమంటాను.

కార్డు నిజంగా పోయిందని ఎప్పుడు ఒప్పుకోవాలి?

పిడుగు పడ్డ రాత్రి తర్వాత తెల్లారి నెట్ లేకపోతే. పిడుగు కరెంటు తీగలోంచే రావాలని లేదు, డాబా మీదుగా లాగిన లాన్ వైరులోంచి కూడా వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊరంతా రోజుల తరబడి కరెంటు లేదు. ఆ తర్వాత నా బల్ల మీదకొచ్చిన బోర్డుల్లో తడికీ తుప్పుకీ పోయినవి చాలా చూశాను. వాటికి టిక్ తీస్తే ఏమీ రాదు.

పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ లైవ్ బూట్ చేసి, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి, చూడండి. తీగ పీకి పెట్టాక కూడా అందులో కార్డు కనపడకపోతే, బయోస్‌లో ఆన్‌లోనే ఉండి కూడా కనపడకపోతే, పోయినట్టే. డెస్క్‌టాప్‌కి మదర్‌బోర్డు మార్చమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఖాళీ స్లాట్‌లో విడి లాన్ కార్డు వేస్తే సరిపోతుంది, పాతదాన్ని బయోస్‌లో డిజేబుల్ చేస్తే చాలు.

కొట్టుకి తెచ్చేముందు ఏం చేయమంటారు?

ఒక కాగితం మీద నెట్ పోయిన టైములు మూడు నాలుగు రాయండి. దాని పక్కనే, దానికి పది నిమిషాల ముందు మీరేం చేస్తున్నారో రాయండి. భోజనానికి వెళ్లారా, చార్జర్ పీకారా, కరెంటు పోయి వచ్చిందా. పసుపు గుర్తు ఉంటే లోపలి కోడ్ నంబరు ఫోటో తీయండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తప్పకుండా తెండి, సగంమంది మర్చిపోతారు.